చేపపిల్లల మందు

నాయుడుపేట,
జూన్ 22.

ఉషా వదినకి,

చిన్నబాబు రాసేది. ఇక్కడ నేను బాగున్నాను. ఉత్తరం చూసి నువ్వు నవ్వుతావని తెలుసు. రోజంతా ఫోనులో మునిగి ఉండేవాడు కాగితం, కలం కొన్నాడా అంటావు. సంగతి విన్నాక నవ్వు.

ఈ కండల శిక్షణలో చేరిన రోజే మాస్టర్ మా అందరి ఫోన్లూ ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆదివారం ఒక్క ఫోను చేసుకోవచ్చు. అదీ ఆయన గదిలో, స్పీకరు పెట్టి. మొన్న ఆదివారం అమ్మ ఏమడిగిందో తెలుసా? "నాయనా, పొద్దన్నే కడుపు సాఫీగా పోతాందా?" అని. నా వెనక వరసలో నిలబడినవాళ్ళంతా విన్నారు. అప్పటినుంచి నన్ను పేరు పెట్టి పిలిచేవాడు లేడు. "సాఫీ" అంటున్నారు. అందుకే ఈ ఏర్పాటు. మన గంగులయ్య మామ చేపల ఆటో మంగళవారం, శుక్రవారం ఇక్కడి మార్కెట్టుకి వస్తుంది కదా. ఉత్తరం ఆయన చేతికిస్తాను. నువ్వూ ఆయన చేతికే ఇవ్వు. కాగితం చేపల వాసన వస్తే వస్తుంది, మనకేం కొత్తా.

మా శిక్షణంటే ఒక మిల్లు వెనక రేకుల షెడ్డు. పొద్దున బరువులు, సాయంత్రం బరువులు, మధ్యలో ఉడికించిన కోడి, గుడ్లలో తెల్లసొన. ఉప్పు లేదు, కారం లేదు. నా గదిలో ఉండేది మనుబోలు కుర్రాడు యెహోషువ. ఆ తిండి ముందు కూడా కళ్ళు మూసుకుని కృతజ్ఞతలు చెబుతాడు. ఏం చూసి చెబుతాడో నాకు అర్థం కాలేదు.

నేనెందుకు వచ్చానో నీకు తెలుసు. ఫిబ్రవరిలో పెద్దవల లాగిన రోజు గుర్తుందా? అన్న మోకు ముందు పట్టులో, అలల్లో కాళ్ళు పెట్టి నిలబడ్డాడు. వెనక ఇరవై మంది. నేను ఎప్పటిలాగే తోకలో కూర్చుని, లాగిన మోకు చుట్టలు చుడుతున్నాను. అప్పుడు నరసయ్య మామ, "చిన్నబాబుని ముందు పెడితే వల గట్టుకి రాదురా, వీడే వల్లోకి పోతాడు" అన్నాడు. అందరూ నవ్వారు. ఇసుక దిబ్బ మీద గంప పెట్టుకుని నువ్వు కూడా నవ్వావు. నేనూ నవ్వాను అనుకో.

మన ఊళ్ళో ముందు పట్టు ఎవరికి పడితే వారికి ఇవ్వరు. ఇంట్లో బిడ్డ పుడితే మొదటి వలకి ఆ బిడ్డ బాబాయిని ముందు నిలబెడతారు, అదొక్కటే మినహాయింపు. నరసయ్య మామకి అట్లా ఒకసారి దక్కింది. ఇప్పటికీ చెప్పుకుంటాడు. నిన్నూ అన్ననీ నేను తొందర పెట్టడం లేదు. నా దారి నేను చూసుకుంటున్నాను. సెప్టెంబరు ఆఖర్లో నెల్లూరులో జిల్లా కండల పోటీ ఉంది. అందులో నిలబడి, ఆ ఒంటితోనే వచ్చి మోకు ముందు పట్టుకుంటాను. అప్పుడు ఎవరు నవ్వుతారో చూద్దాం.

మే దాకా నేను నీ కింద పనిచేసిన చేపపిల్లల హ్యాచరీలో అంతా మామూలేనా? మేత కలిపే గది ఇంకా నీ చేతిలోనే ఉందా?

నీ మరిది,
ఇక మీదట పెద్దబాబు.

*

నడిమిపాళెం,
జూన్ 28.

శ్రీ పెద్దబాబు గారి సముఖానికి,

మీరు రాసిన ఉత్తరం ఐసులో తడిసి, ఒక చీరమీను పొలుసుతో సహా అందింది. ఆధార్ కార్డులో మాత్రం ఇంకా చిన్నబాబు అనే ఉంది. ఫొటో కూడా పాతదే, మెడ కొంగ మెడలా ఉంటుంది. పోటీవాళ్ళు అది చూసి ఈయన వేరే మనిషి అంటే మమ్మల్ని సాక్ష్యానికి పిలవొద్దు.

ఉప్పు సంగతి అత్తమ్మకి చదివి వినిపించాను. "ఉప్పు పండే చోట పుట్టినోడికి ఉప్పు పెట్టరా? వాళ్ళేం మాస్టర్లు?" అంది. కడుపు ప్రశ్న మాత్రం మానదట. స్పీకరులో అడిగితే తప్పేంది, అందరికీ ఉండేదే గదా అంటోంది.

మీ అన్నకి నువ్వు ముందు పట్టు గురించి రాసింది చెప్పాను. వల బాగు చేసుకుంటూ, "వాడు లేక మోకు చుట్టేది ఎవరో తెలియడం లేదు" అన్నాడు. అంతే. మీ అన్న మాటలు నీకు తెలుసు, బయటికి రావాలంటే వాటిని కూడా మోకు కట్టి లాగాలి.

హ్యాచరీ మామూలే. వానలకి ముందు జిలేబీ చేపల పిల్ల బాగా పోతోంది. మేత గది పిచ్చమ్మకి ఇచ్చారు. హరినాథ్ సారు నన్ను ప్యాకింగులోకి మార్చారు. సంచుల్లో నీళ్ళు, పిల్ల, ఆక్సిజన్ నింపి రబ్బరు బ్యాండు వేయడం. నీడపట్టున పని. ఎందుకు మార్చారని అడక్కు, సార్ల ఇష్టం. అయినా, అమ్మ ఎలా ఉందని అడగనివాడివి మేత గది గురించి అడిగావేం?

ఎండు నెత్తళ్ళు పంపుతున్నాను. ఉప్పు వద్దంటే కడుక్కో. యెహోషువకి కూడా పెట్టు. ఇవి తిన్నాక చెప్పే కృతజ్ఞతలకి అర్థం ఉంటుంది.

వదిన ఉష.

*

నాయుడుపేట,
జూలై 19.

వదినా,

నెత్తళ్ళు అందాయి. మాస్టర్ చూసి సగం లాక్కున్నాడు. క్రమశిక్షణ కోసమట. సాయంత్రం ఆయన గదిలోంచి వేపుడు వాసన వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. నన్ను చూస్తే నువ్వు గుర్తు పట్టవు. ఉగాదికి నువ్వు కొన్న నీలం చొక్కా భుజం దగ్గర పగిలిపోయింది. జూన్లో ఇద్దరు పట్టుకుని ఎత్తించిన బరువు ఇప్పుడు ఒక్కడినే ఎత్తుతున్నాను. మాస్టరే ఆశ్చర్యపోయి, "ఏం తింటాండావురా సాఫీ?" అని అడిగాడు. ఇక్కడ నలుగురు ఆయన దగ్గర సూదులు వేయించుకుంటారు, విటమిన్లని. నేను వేయించుకోలేదు, ఒట్టు. సూదంటే నాకెంత భయమో నీకు తెలుసు కదా. మేకు గుచ్చుకున్నప్పుడు నర్సమ్మని చూసి పడవెక్కి కూర్చున్నవాడిని.

చిన్న చిన్న ఇబ్బందులు ఉన్నాయి. వీపు నిండా మొటిమలు లేచాయి. చెమటకాయలే అనుకుంటాను. నిద్ర సరిగా పట్టడం లేదు. మొన్న బకెట్టు దగ్గర యెహోషువతో మాటా మాటా వచ్చింది. నేను తోశాను. పడ్డాడు, మోచెయ్యి చీరుకుపోయింది. భోజనం ముందు ప్రార్థనలో నా పేరు కూడా చేర్చాడు. దానికి ఇంకా కోపం వచ్చింది. నాకెందుకు అంత కోపం వచ్చిందో నాకే తెలియదు.

ఒక స్నేహితుడు అడగమన్నాడు. మన హ్యాచరీలో చేపపిల్లల మేతలో కలిపే తెల్లపొడి ఉంది కదా, గడువు దాటినదైనా సరే, కొంచెం దొరుకుతుందా? దొరికితే నెత్తళ్ళ పొట్లంలో పెట్టి పంపు. అన్నకి చెప్పాల్సిన పని లేదు.

చిన్నబాబు.

*

నడిమిపాళెం,
జూలై 26.

మరిదికి,

నీ స్నేహితుడి గురించి కొన్ని ప్రశ్నలు. అతని వీపు మీద కూడా మొటిమలున్నాయా? అతని చొక్కా కూడా నీలం రంగుదేనా? మేకు గుచ్చుకుంటే అతను కూడా పడవెక్కాడా?

అతనికి చెప్పు, ఆ పొడి సామాన్యమైనది కాదు, దానికి పెద్ద చరిత్ర ఉంది. మొన్న పనుండి నెల్లూరు వెళ్ళినప్పుడు ఆసుపత్రిలో డాక్టరమ్మ వినీల గారిని అడిగాను. వచ్చాక హరినాథ్ సారు పుస్తకాలూ తిరగేశాను. నూట ముప్పై ఏళ్ళ కిందట ఫ్రాన్సులో డెబ్బై దాటిన ఒక ప్రొఫెసరు, కుక్కల వృషణాలు నూరి తీసిన రసాన్ని తనకు తానే సూది వేసుకుని, మళ్ళీ కుర్రవాడినయ్యానని సభలో చెప్పాడట. తర్వాత తేలింది, ఆ రసంలో పనికొచ్చే సరుకే లేదని. అంతా ఆయన నమ్మకమే. ఆ తర్వాత పంతొమ్మిది వందల ముప్పైల మొదట్లో జర్మనీలో ఒక శాస్త్రవేత్త మగ హార్మోనుని వెతకాలని బయల్దేరాడు. ఎక్కడ వెతికాడో తెలుసా? పోలీసుల మూత్రంలో. వేల లీటర్లు పట్టించి, మరిగించి, వడకడితే చిటికెడంత కూడా రాలేదట. కొన్నేళ్ళకి ప్రయోగశాలలోనే తయారు చేయడం నేర్చుకున్నారు. నీ స్నేహితుడు అడిగే పొడికి తాతముత్తాతలు వీళ్ళు. అంత ఇష్టమైతే నాయుడుపేట పోలీస్ స్టేషన్ దగ్గరే కదా, బకెట్టు పట్టుకుని వెళ్ళమను. బకెట్టు కోసం యెహోషువని మాత్రం తొయ్యొద్దు.

ఇక నవ్వు చాలు. మే నెలలో నీ పని ఆఖరు రోజున, గడువు తీరిన సీసాలను వెనక గోతిలో వేసి కాల్చేస్తానని నువ్వే తీసుకెళ్ళావు. కాల్చానని వచ్చి చెప్పావు. నీ ఉత్తరం చదివాక నేను ఆ గోతి దగ్గరికి వెళ్ళి కర్రతో కెలికి చూశాను. బూడిద ఉంది. సంచుల ముద్ద ఉంది. గాజు లేదు. గాజు కాలదు కదా చిన్నబాబూ. పగిలినా, మాడినా అక్కడే ఉంటుంది.

నేను ఎవరికీ చెప్పలేదు. వదిన అడగకూడని ప్రశ్న ఒకటి అడుగుతున్నాను, సిగ్గుపడకుండా జవాబు రాయి. నీ మూత్రం ఏ రంగులో పోతోంది?

ఈసారి పొట్లంలో నెత్తళ్ళే ఉన్నాయి. ఇంకేమీ లేదు.

వదిన.

*

నాయుడుపేట,
ఆగస్టు 8.

వదినా,

నీకు పోలీసు ఉద్యోగం రావలసింది. మూత్రం సంగతి వాళ్ళనే అడిగి ఉండేదానివి.

అవును, సీసాలు నా దగ్గరే ఉన్నాయి. నేను దొంగని కాదు. పారేయమన్నవే తీసుకున్నాను. నువ్వు అనుకుంటున్నట్టు ఎంతపడితే అంత మింగడం లేదు. కొలత ప్రకారమే. ఆ కొలత నాకు నువ్వే నేర్పావు. ఇంత మేతకి ఇంత పొడి అని గోడ మీద రాసి ఉండేది, నాకు కంఠతా వచ్చు. మేత బదులు నేను రోజుకి తినే తిండి బరువు వేసుకున్నాను. కోడి, గుడ్లు, ఓట్సు అన్నీ తూచి, దానికి సరిపడా పొడి. చేపకి పనికొచ్చిన లెక్క మనిషికి ఎందుకు పనికిరాదు? లక్షల పిల్లని నా చేతులతో మేపాను. అన్నీ మగవై, లావై, చెరువులకు పోయాయి. జనం తింటున్నారు. ఒక్కరికైనా ఏమైనా అయిందా?

మాస్టర్ సూదిలో ఏముందో ఎవరికీ తెలియదు. నాదైతే లేబులు ఉన్న సరుకు. ఆ రకంగా చూస్తే ఈ షెడ్డులో తెలివైనవాడిని నేనే.

పోటీ దాకానే. ఆ తర్వాత సీసాలు నిజంగానే గోతిలో వేస్తాను, గాజు ముక్కలు నువ్వే ఏరుకో. నువ్వు అడిగిన రంగు గురించి: టీ డికాషన్ రంగు. నీళ్ళు తక్కువ తాగుతున్నాను కదా, అందుకే. ఆకలి కూడా కొంచెం తగ్గింది. అన్నకి చెప్పకు. తోకలో కూర్చునేవాడికి ఇంకోసారి నవ్వులపాలయ్యే ఓపిక లేదు.

చిన్నబాబు.

*

నడిమిపాళెం,
ఆగస్టు 12.

చిన్నబాబూ,

చేపల కొలతతో తనకి తాను మేత వేసుకున్న మనిషి ఈ జిల్లాలో నువ్వొక్కడివే అయి ఉంటావు. డాక్టరమ్మకి ఫోను చేసి చెబితే ముందు నవ్వింది. తర్వాత మూత్రం రంగు చెప్పాను. నవ్వు ఆపేసింది.

నేను నీకు కొలత నేర్పాను, మిగతాది నేర్పలేదు. ఇప్పుడు విను. పుట్టిన పిల్ల మొదటి వారాల్లో ఆడో మగో తేలి ఉండదు. అందుకే, అన్నీ మగవై తొందరగా లావెక్కాలని, అప్పుడు మూడు నాలుగు వారాలు మందు మేత పెడతాం. తర్వాత ఆపేస్తాం. జనం ప్లేటులోకి వచ్చేసరికి నెలలు గడిచి, ఆ మందు ఒంట్లో మిగలదు. నువ్వు ఆపలేదు. పైగా నువ్వు ఆడో మగో పాతికేళ్ళ కిందటే తేలింది, ఆ రోజు అత్తమ్మ ఊరంతా బెల్లం పంచింది. నీ ఒంట్లో ఆ హార్మోను తయారు చేసే చోటు ఒకటి ఉంది. బయటినుంచి వచ్చి పడుతుంటే, ఇక నాతో పనేముందని అది పని మానేస్తుంది. కుంచించుకుపోతుంది. చేపలని మగవి చేసే మందు నిన్ను తండ్రిని కాకుండా చేయగలదు. కొందరికి రొమ్ములు కూడా పెరుగుతాయట. నా జాకెట్లు నీకు చాలవు, ముందే చెబుతున్నాను.

పిల్లకి ఏమీ కాలేదన్నావు. రోజూ పొద్దున తొట్టెల్లో తేలిన పిల్లని జల్లెడతో తీసి పాతిపెట్టింది నువ్వే కదా. దేనివల్ల పోయాయో మనం చూశామా? చేప కాలేయాన్ని ఎవరూ పరీక్ష చేయించరు. గుండె ఎలా ఉందని ఎవరూ అడగరు.

డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఈ పొడిని నోటితో తీసుకున్నా చెడకుండా ఉండేలా తయారు చేశారు. అంటే కాలేయం దాన్ని తేలిగ్గా విరగ్గొట్టలేదు, అక్కడే దెబ్బ తగులుతుంది. ఇలాంటి మందులన్నిటితోనూ రక్తపోటు పెరుగుతుంది, చెడ్డ కొవ్వు పెరిగి మంచి కొవ్వు తగ్గుతుంది, రక్తం చిక్కబడుతుంది, గుండె గోడలు మందమవుతాయి. కండలు పెంచే కుర్రాళ్ళు ముప్పైల్లోనే గుండెపోటుతో రావడం ఆమె చూసిందట. కోపం, నిద్ర లేకపోవడం, మొటిమలు, నువ్వు రాసినవన్నీ ఆమె నేను చెప్పకముందే చెప్పింది.

విటమిన్లన్నావే, అదీ పాత కథే. అమెరికాలో బరువులెత్తేవాళ్ళ జట్టు డాక్టరొకాయన పంతొమ్మిది వందల యాభైల్లో రష్యావాళ్ళని చూసి ఇలాంటి మాత్రలు మొదలుపెట్టి, వాళ్ళు గుప్పెళ్ళతో మింగడం చూసి జీవితాంతం బాధపడ్డాడు. తూర్పు జర్మనీలో ప్రభుత్వమే ఈతపిల్లలకి నీలం మాత్రలిచ్చింది, విటమిన్లని చెప్పి. పతకాలు వచ్చాయి. ఆ ఆడపిల్లల గొంతులు మగవైపోయాయి. కొందరికి పిల్లలు పుట్టలేదు. వాళ్ళకి కనీసం ఎవరో అబద్ధం చెప్పారు. నీకు నువ్వే చెప్పుకున్నావు.

గంగులయ్య మామ చేతికి నా చిన్న అద్దం ఇచ్చి పంపుతున్నాను. కండలు చూసుకోవడానికి కాదు. ఎండలోకి వెళ్ళి కనురెప్ప కిందికి లాగి, తెల్లగుడ్డు ఏ రంగులో ఉందో చూడు. పసుపు కనబడితే ఆ పూటే ఆసుపత్రికి పో. కనబడకపోయినా పొడి ఆపి ఇంటికి రా. ఆపాక కొన్నాళ్ళు మనసు నేలకి దిగిపోతుందట, ఒంటరిగా ఉండకూడదట. ఇక్కడ మేమున్నాం. నవ్వేవాళ్ళు కూడా ఉన్నారు, కాదనను.

పదిహేను రోజుల్లో నువ్వు రాకపోతే మీ అన్నకి నేనే చెబుతాను. ఇది బెదిరింపే.

వదిన.

*

నెల్లూరు, ఆసుపత్రి,
ఆగస్టు 30.

వదినా,

ఇప్పుడు చేతిలో ఫోనుంది. అయినా ఉత్తరమే రాస్తున్నాను. కొన్ని మాటలు నీ గొంతు వింటూ చెప్పలేను.

అద్దం వచ్చిన రోజు చూసుకోలేదు. కోపంతో పెట్టె అడుక్కి తోశాను. అది యెహోషువ గడ్డం గీసుకోవడానికి తీసుకున్నాడు. వారం తర్వాత షెడ్డు బయట అతను గీసుకుంటుంటే వెనకనుంచి వెళ్ళాను. అద్దంలో నన్ను చూసి బ్లేడు ఆపేశాడు. "చిన్నా, నీ కళ్ళు చూసుకున్నావా?" అన్నాడు. చూసుకున్నాను. పెళ్ళికొడుకుకి ఒళ్ళంతా పసుపు రాసి, కళ్ళల్లో కూడా పోసినట్టుంది. అప్పటికే రెండు రోజులుగా ఒళ్ళంతా దురద, అన్నం చూస్తే వాంతి.

మాస్టర్ బీరువా తీసి ఫోను చేతిలో పెట్టాడు. "నువ్వు యాడేం తిన్నావో నాకు తెలీదు. మా షెడ్డు పేరెత్తొద్దు" అని గేటు వేసుకున్నాడు. యెహోషువ ఎవరి బండో అడుక్కుని, నన్ను వెనక కూర్చోబెట్టుకుని, నేను పడకుండా తువ్వాలుతో తన నడుముకి కట్టుకుని నెల్లూరు దాకా తెచ్చాడు. ఆ మోచెయ్యి ఇంకా మానలేదు. ఈసారి దారంతా నేనే ప్రార్థన చేశాను. ఎవరికి చేశానో తెలియదు.

డాక్టర్లు సీసా చూపించమన్నారు, చూపించాను. కాలేయం బాగా దెబ్బతిన్నదట. సమయానికి వచ్చావు, మందు ఆపేస్తే నెమ్మదిగా కోలుకోవచ్చు, కానీ నెలలు పడుతుంది అన్నారు. రక్తపోటు ఎక్కువుంది. గుండెకి స్కానింగు తీశారు, మళ్ళీ తీయాలంటున్నారు. నువ్వు రాసిన ఇంకో సంగతి, ఆ పని మానేసిన చోటు గురించి కూడా రక్తపరీక్ష చేశారు. తిరిగి పని మొదలుపెట్టవచ్చు, పెట్టకపోవచ్చు, ఆరు నెలల తర్వాత చూద్దాం అన్నారు. ఈ ఆరు నెలలు నన్ను ఏమీ అనకు వదినా.

అన్న వచ్చాడు. తిడతాడనుకున్నాను. దుప్పటి తీసి నా పాదాలు నొక్కి చూశాడు, వాపు ఉందేమోనని. "అన్నం తింటాండావా?" అన్నాడు. బయటికి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నువ్వు చెప్పలేదని తెలిసింది, నీకు రుణపడి ఉన్నాను. కానీ చెప్పి ఉంటే బాగుండేదేమో అని కూడా అనిపించింది.

నువ్వు రాలేదు. కోపంతోనే రాలేదని అనుకుంటున్నాను. రావొద్దులే, ఈ మొహం చూస్తే నువ్వు జోకులు మర్చిపోతావు.

కండలు దిగిపోతున్నాయి. ఏమీ చేయబుద్ధి కావడం లేదు. మోకు తోకలో కూర్చోవడానికైనా పనికొస్తానో లేదో.

చిన్నబాబు.

*

నడిమిపాళెం,
సెప్టెంబరు 5.

చిన్నబాబూ,

కోపంతో రాలేదనుకున్నావా? నాకు కోపం వస్తే ముందు వచ్చి నిలబడేది నీ మంచం దగ్గరే. డాక్టరమ్మే వద్దంది. ఆ వార్డులో జ్వరాల రోగులున్నారు, నువ్వు అడుగు పెట్టొద్దంది.

ఎందుకంటావా. జూలైలో నేను పనుండి నెల్లూరు వెళ్ళానని రాశానే, ఆ పని ఇదే. ఆమె నన్ను చూసే డాక్టరు. నెలనెలా నా గురించి మాట్లాడమంటే నేను నీ గురించి అడుగుతుంటే, "మీరు మీకోసం వచ్చారా, మీ మరిది కోసం వచ్చారా?" అని నవ్వేది. నాకు ఐదో నెల. ఐదో నెల పడేదాకా కాగితం మీద పెట్టొద్దని అత్తమ్మ మాట. అందుకని రాయలేదు. నీ దగ్గర దాచి ఇన్నాళ్ళు ఎట్లా ఉన్నానో నాకే తెలియదు.

హ్యాచరీలో నన్ను ప్యాకింగులోకి ఎందుకు మార్చారో అడగొద్దన్నాను. ఇప్పుడు చెబుతున్నాను. జూన్లో హరినాథ్ సారుకి సంగతి చెప్పగానే ఆయన చేసిన మొదటి పని మేత గది తాళంచెవి నా దగ్గర తీసుకోవడం. కడుపుతో ఉన్నవాళ్ళు ఆ పొడి దగ్గరికి పోకూడదు. చేతి తొడుగులు వేసుకున్నా, ముక్కుకి గుడ్డ కట్టుకున్నా సరే, గదిలోకే వెళ్ళకూడదు. దాని ధూళి పడినా లోపలి బిడ్డకి చేటట. నన్ను గుమ్మం కూడా దాటనివ్వని మందు అది. దాన్ని నువ్వు అన్నంతో తూచుకుని తిన్నావు. నీ ఉత్తరాలు చదివిన ప్రతిసారీ నాకు గుర్తొచ్చింది ఆ గుమ్మమే.

మీ అన్నకి నేను ముందే చెప్పి ఉండాల్సింది. పదిహేను రోజుల గడువు పెట్టడం నా తెలివితక్కువ. ఈ మాట ఇంకోసారి అడిగితే ఒప్పుకోను, ఉత్తరం చింపి పారేయి.

ఇప్పుడు మోకు సంగతి. నువ్వు తోకలో పనికొస్తావో లేదో అన్నావని చదివి వినిపిస్తే మీ అన్న చాలా మాట్లాడాడు. ఆయన లెక్కలో చాలా. "ముందు నిలబడినోడు లాగడు. వల యాడికి కొట్టకపోతాందో కాళ్ళతో చూసి చెప్తాడు. లాగేది ఎనకుండే ఇరవై మంది. వాడు సన్నగా ఉండాడని తోకలో పెట్టలేదు. ముడి పడకుండా మోకు చుట్టేది ఊర్లో వాడొక్కడే. ఇది వాడికి నేనెప్పుడూ చెప్పలేదా?" అన్నాడు. చెప్పలేదని నేనన్నాను. తల గోక్కుంటూ పడవ దగ్గరికి పోయాడు.

జనవరి ఆఖర్లో బిడ్డ పుడుతుంది. ఆ తర్వాత వేసే మొదటి పెద్దవలకి ముందు పట్టు ఎవరిదో నీకు తెలుసు. ఆడపిల్లయినా మగపిల్లాడయినా అంతే. దానికి కండలు అక్కర్లేదు, పోటీలో గెలవక్కర్లేదు. వాళ్ళకి బాబాయి అయితే చాలు. అది నీకు నేను ఇస్తున్నది, నరసయ్య మామ కూడా కాదనలేడు. అప్పటికి నువ్వు నీళ్ళల్లో నిలబడగలిగితే అదే నాకు పతకం. నిలబడలేకపోతే మీ అన్న పట్టుకుంటాడు.

ఉప్పు వేసిన గంజి పంపుతున్నాను. డాక్టర్లని అడిగి తాగు.

వదిన.

*

నెల్లూరు, ఆసుపత్రి,
సెప్టెంబరు 12.

వదినా,

రేపు పంపిస్తామన్నారు. కళ్ళు ఇప్పుడు నిమ్మకాయ రంగుకి దిగాయి. పదిహేను రోజులకోసారి వచ్చి రక్తం ఇవ్వాలి. సూదికి ఇప్పుడు భయం లేదు, పొడవడానికి చోటే మిగల్లేదు.

నీ ఉత్తరం యెహోషువకి చదివి వినిపించాను. అతను పోటీ మానుకుని మనుబోలు వెళ్ళిపోతున్నాడు. జనవరిలో వల చూడ్డానికి వస్తానన్నాడు, నెత్తళ్ళు ఉంటాయా అని అడిగాడు. అద్దం అతని దగ్గరే ఉంచమన్నాను. నువ్వు ఇంకోటి కొనుక్కో.

సీసాల్లో మిగిలిన పొడి ఆసుపత్రివాళ్ళు తీసుకున్నారు. ఖాళీ సీసాలు రెండు తెస్తున్నాను. గోతిలో నీ కళ్ళ ముందే వేస్తాను, నువ్వు దూరంగా నిలబడి చూడు.

ముందు పట్టు సంగతి చదివి వార్డంతా వినేలా ఏడ్చాను. నర్సమ్మ వచ్చి నొప్పా అని అడిగింది. కాదన్నాను.

అన్నని ఒక్క మాట అడిగి పెట్టు. ఆ రోజు నేను ముందు నిలబడితే తోకలో మోకు చుట్టేది ఎవరు? నరసయ్య మామకి మాత్రం ఇవ్వొద్దు. ఒక్క ముడి పడినా నేను అలలోంచి వెనక్కి వచ్చేస్తాను.

చిన్నబాబు.